టుకునీ పక్కన కూర్చున్న పిల్ల

ఝరణా రౌత్ ఆ బడికి బదిలీ అయి వచ్చిన కొత్తలో, రెండో తరగతి పిల్లలు పాఠం చదువుతుంటే విని మురిసిపోయింది. అక్షరం తప్పకుండా, ఒత్తు జారకుండా, రేకుల కప్పు మీద వాన కురిసినట్టు ఒకే వరసలో గడగడా చదివేవాళ్ళు. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. చదివినదాంట్లో ఏముందని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. జవాబేదో ఆమె మొహం మీదే రాసి ఉన్నట్టు కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంటారు.

అన్నిటికంటే పడవ పాఠం దగ్గర మరీ కష్టమైంది. అందులో ఒక జాలరి పిల్లవాడు నాన్నతో కలిసి వేటకి బయల్దేరతాడు. 'నీళ్ళు వెనక్కి పోయాయి. పడవ బురదలో కూర్చుంది. నాన్న నవ్వి, సాయంత్రం దాకా ఆగుదాం అన్నాడు.' పాఠమంతా ఇంతే.

"నీళ్ళు వెనక్కి ఎందుకు పోయాయర్రా?" అని అడిగింది ఝరణా.

బాబులీ చెయ్యెత్తాడు. "ఎవరో మోటారు పెట్టి తోడేశారు దీదీ. రొయ్యలు పట్టుకోడానికి."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చిందే గానీ, వాడి తప్పేముంది? కాలనీ చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే. నీళ్ళు తగ్గాయంటే మోటారు ఆడిందనే అర్థం. పాపం, వాడికి తెలిసిన లోకంలోంచి వాడు అర్థం వెతుక్కున్నాడు.

"చెరువు కాదురా, సముద్రం. మీలో సముద్రం చూసినవాళ్ళెవరు?"

ముందు వరసలో గుడ్లీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆ మాట అనకూడదు దీదీ," అంది వేళ్ళ సందుల్లోంచి. "'అటువైపు' అనాలి."

మధ్యాహ్నం హెడ్మాస్టరు నిరంజన్ బాబుతో ఆ మాట అంటే ఆయన మరమరాలు నములుతూ తేలిగ్గా తీసిపారేశాడు.

"ఆ పాఠం నేనెప్పుడూ దాటేస్తాను. ఈ కాలనీలో వాళ్ళందరిదీ కియాపాళ. కియాపాళ ఎక్కడుందో తెలుసా? నీళ్ళ అడుగున. పెద్ద తుఫాను సగం ఊరిని మింగేసింది. మిగిలిన సగాన్ని ఏడాదికింత చొప్పున కొరుక్కుతింది. గవర్నమెంటు వాళ్ళు వీళ్ళని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. వచ్చేటప్పుడు ఆడవాళ్ళంతా ఒట్టు వేసుకున్నారట, పిల్లల ముందు దాని పేరెత్తకూడదని. పేరెత్తితే వెతుక్కుంటూ వస్తుందట."

"మరి పిల్లలకి పాఠం ఎలా అర్థమవుతుంది సార్?"

"కాకపోతే ఏం? పరీక్షలో అది రాదుగా. నువ్వు జాజ్‌పూర్ దానివి, నీకెందుకమ్మా ఈ గొడవ? కాసిని మరమరాలు తిను."

ఝరణా అలా వదిలేసే మనిషి కాదు. వేసవిలో జరిగిన శిక్షణలో ఒక పెద్దావిడ చెప్పిన మాట ఆమె మనసులో పాతుకుపోయింది. పుస్తకం సగమే చెబుతుంది, మిగతా సగం పిల్లలు తమ ఇంటి నుంచి తెచ్చుకుంటారు, పాఠం తెరవడానికి ముందే ఆ సగాన్ని వాళ్ళ నోట చెప్పించాలి అందావిడ. అందుకని మర్నాటి నుంచి ఝరణా కొత్త పద్ధతి పెట్టింది. పుస్తకం మూసి ఉండగానే ఆ రోజు పాఠం దేని గురించో చెప్పేది. పిల్లలు పక్కవాళ్ళ వైపు తిరిగి, దాని గురించి తమకేం తెలుసో ఒకరికొకరు చెప్పుకోవాలి.

మొదట తాతయ్య ఇంట్లో పంకా పాఠంతో మొదలుపెట్టింది. గది సంతలా తయారైంది. మా ఇంట్లో పంకా టకటకా కొట్టుకుంటుందని ఒకడు, మా నాన్న కేరళ నుంచి పెద్ద పంకా తెచ్చాడని ఇంకొకడు. ఆ తర్వాత పుస్తకం తెరిచి చదివితే, తాతయ్య పంకా వేయగానే బామ్మ ఆరబెట్టిన వడియాల మీద గుడ్డ ఎగిరిపోయిన చోట అందరూ ఒక్కసారి నవ్వారు. పాఠంలో నవ్వాల్సిన చోట ఆ పిల్లలు నవ్వడం అదే మొదలు.

టుకునీకి మాత్రం జత దొరకలేదు. బడిలో వంట చేసే సెబతీకి మనవరాలు టుకునీ; నానమ్మని జేజిమా అంటుంది. సన్నగా, పొడుగ్గా, గాలి వేస్తే వంగే కొమ్మలా ఉంటుంది. చాప చివర కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని బిక్కమొహం వేసింది. ఝరణా హడావిడిలో ఉండి, "నీ పక్కన ఒక పిల్ల కూర్చుందనుకో. దానికి పంకా అంటే ఏమిటో, స్విచ్చంటే ఏమిటో ఏమీ తెలీదనుకో. దానికి చెప్పు," అనేసి ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయింది.

టుకునీ కొంచెం పక్కకి జరిగి చాప మీద చోటిచ్చింది.

మొదట్లో ఝరణాకి ఆ ఆట భలే ముద్దొచ్చింది. దగ్గరికెళ్ళి నిలబడి వినేది. "కాదు, గాలితో కాదు. కరెంటుతో," అనేది టుకునీ ఖాళీ చోటుకేసి చూస్తూ. కాసేపు ఆగేది. "తీగల్లోంచి వస్తుంది. ఊహూ, కనపడదు." మళ్ళీ ఆగేది. "ఛీ, దెయ్యం కాదే! అందరిళ్ళలోనూ ఉంటుంది." ఆగిన ప్రతిసారీ ఎదుటి మనిషి మాట్లాడడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపే ఆగేది.

ఆ ముద్దు మెల్లిమెల్లిగా ఇంకేదోగా మారింది. ఒకరోజు ఇంటికి వెళ్ళే బస్సులో కూర్చుని ఉండగా ఝరణాకి ఒక సంగతి తట్టింది. టుకునీ చెప్పేవన్నీ ఎలాంటివి? సెల్‌ఫోను, గ్యాసు పొయ్యి, ఇంటికొచ్చే కుళాయి, మోటారు సైకిలు. కాలనీలో పాలు తాగే పిల్లకి కూడా తెలిసినవి. మరి పీత గురించి గానీ, వల గురించి గానీ, ఎడ్లబండి గురించి గానీ ఆ పిల్ల ఒక్కనాడూ చెప్పలేదు. అవి వచ్చిన చోట "అది నీకు తెలుసులే" అని దాటేసేది. పక్కన కూర్చున్నదానికి పాతవన్నీ తెలుసు. కొత్తవే తెలీవు. ఏడేళ్ళ పిల్ల ఊరికే ఊహించుకుంటే అంత పద్ధతిగా ఊహించుకుంటుందా?

చలికాలం మొదట్లో ఆమె మళ్ళీ పడవ పాఠం తీసింది.

"సరే, అటువైపు అనే అందాం. అటువైపు నీళ్ళు వెనక్కి ఎందుకు పోతాయో ఎవరికైనా తెలుసా?"

టుకునీ లేచి నిలబడింది. "నీళ్ళు ఎక్కడికీ పోవు దీదీ. మనం ఊపిరి పీల్చినట్టు అది పీలుస్తుంది. సాయంత్రం వదులుతుంది. రోజూ అంతే. నీళ్ళు తిరిగొచ్చే ముందు ఎర్రపీతలు గుంపుగా పైకి పరిగెడతాయి. తర్వాత పడవ కింద బురద గుళుక్‌మంటుంది. అప్పుడు పడవ దానంతటదే లేస్తుంది. నాన్నకి అదంతా తెలుసు. అందుకే నవ్వాడు. ఆ అబ్బాయికి తెలీదు కాబట్టి భయపడ్డాడు."

పిల్లవాడు భయపడ్డాడని పాఠంలో ఎక్కడా లేదు. కానీ ఆ మాట విన్నాక మళ్ళీ చదివితే, వాడు భయపడకపోతే నాన్న నవ్వనే నవ్వడని ఝరణాకి కూడా అప్పుడే తెలిసింది. ఇన్నిసార్లు చెప్పిన పాఠం ఆమెకే కొత్తగా కనిపించింది.

"భలే చెప్పావే! జేజిమా చెప్పిందా?"

"ఊహూ. తను చెప్పింది." టుకునీ పక్కకి చూసింది. "నేను కరెంటు గురించి చెప్పాను కదా, తను నాకిది చెప్పింది."

"మాక్కూడా చెప్పింది దీదీ," అన్నాడు బాబులీ. మిగతా పిల్లలు కిటికీ పక్కనున్న ఆ ఖాళీ చోటుకేసి చూసి, బాగా తెలిసినవాళ్ళని చూసి ఊపినట్టు తలలూపారు.

ఝరణా సరాసరి వంటగదికి వెళ్ళింది. సెబతీ కట్టెల పొయ్యి మీద కూరముక్కలు వేసిన పప్పు, డాల్మా, కలుపుతోంది. "మీ మనవరాలికి ఎంత బాగా చెప్పారు మావుసీ! ఎర్రపీతలు, బురద చప్పుడు..."

గరిటె ఆగిపోయింది. "నేనా? మా ఇంట్లో దాని ఊసెత్తితే నా నాలుక తెగిపడాలి."

"పోనీ మీ కోడలు చెప్పిందేమో."

"దానిది ఢెంకానాళ్. కొండల్లో పుట్టింది. చేప పొలుసు తీయడమే సరిగ్గా రాదు దానికి, పీతల సంగతేం తెలుస్తుంది?" అని పీట మీద కూలబడింది సెబతీ. గొంతు తగ్గించి అడిగింది. "బురద గుళుక్‌మంటుందని అందా? ఆ మాటే అందా?"

"అవును. ఏం మావుసీ?"

"ఏం లేదు. ఆటల్లో ఏదో వాగుంటుందిలే అమ్మా." ఆమె మళ్ళీ గరిటె పట్టుకుంది గానీ కలపలేదు. ఆ రోజు డాల్మా మాడి, పిల్లలు ఉత్త అన్నమే తిని లేచారు.

ఆ తర్వాత చాప తడవడం మొదలైంది. వానల్లేవు. కప్పు కారడం లేదు. నీళ్ళ సీసా ఏదీ ఒలకలేదు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి టుకునీ పక్కన, ఒక పిల్ల బాసిపట్టు వేసుకుని కూర్చుంటే ఎంత మేర పడుతుందో అంత మేర చాప తడిసి ఉండేది. ఒకసారి పిల్లలు భోజనానికి వెళ్ళినప్పుడు ఝరణా వంగి ఆ తడిని వేలితో తాకి, ఏమనుకుందో, నాలుకకి రాసుకుంది. ఉప్పగా ఉంది. సముద్రం అక్కడికి బస్సులో వెళ్ళాల్సినంత దూరం.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? నిరంజన్ బాబు వింటే కడుపు చేత్తో పట్టుకుని నవ్వుతాడు.

తర్వాతి వారం టుకునీ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"దీదీ, మామయ్య కొయ్యగుర్రం కొన్నాడా, లేదా?"

"ఏ మామయ్యే?"

"రథయాత్రకి వెళ్ళిన మామయ్య. మేనల్లుడు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు కదా. 'పొద్దు గుంకింది. దూరాన మామయ్య గొడుగు కనిపించింది.' తను అంతవరకే చదివిందట. ఆ తర్వాత పేజీలో ఏముందో నిన్నడిగి చెప్పమంది."

ఆ పాఠం ఇప్పటి పుస్తకంలో లేదు. ఝరణా రెండో తరగతిలో ఉన్నప్పటి పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం ఎప్పుడో మారిపోయింది. గొడుగు కనిపించిన దగ్గర పేజీ అయిపోయేది. ఆ పేజీ తిప్పడానికి తనెంత తొందరపడేదో కూడా ఆమెకి గుర్తొచ్చింది. ఆ పాఠం తెలియాలంటే ఆ పిల్లకి తన వయసైనా ఉండాలి.

"తన పేరేమిటి?" అని అడిగింది.

"జెమా."

"కొన్నాడని చెప్పు. ఎర్ర రంగు గుర్రం. మెడలో గజ్జెలు కూడా ఉంటాయి."

టుకునీ వెళ్ళి తన చోట్లో కూర్చుని ఆ మాట చెప్పింది. ఎవరో సంతోషంతో చప్పట్లు కొట్టినట్టు పిల్లలంతా అటు తిరిగి నవ్వారు. ఝరణాకి మాత్రం ఏ చప్పుడూ వినిపించలేదు.

"ఇంకోటి దీదీ," అంది టుకునీ అక్కణ్ణుంచే. "నిన్న 'ఊరు వదిలిన జనం' పాఠం చదివాం కదా. అది తప్పని అంటోంది. ఊరు ఉన్నచోటే ఉందట. అమ్మ ఇంట్లోనే ఉందట. గంట కొట్టగానే ఇంటికెళ్ళిపోతుందట. కానీ గంట ఇంకా కొట్టలేదట."

సాయంత్రం సెబతీ బోరింగు దగ్గర గిన్నెలు తోముతుంటే ఝరణా పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తోచక పేరే అడిగేసింది.

"జెమా ఎవరు మావుసీ?"

సెబతీ తోముతున్న గిన్నె కింద పెట్టింది. బూడిద చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది. ఎవరు చెప్పారని అడగలేదు.

"నా పెద్దపిల్ల. టుకునీ నాన్న బేణు చెవిన పడకుండా ఈ ఊళ్ళో ఎవరి నోటా ఆ పేరు రానివ్వలేదు నేను. తనకో అక్క ఉండేదని కూడా వాడికి తెలీదు. వాడప్పటికి చంకలో పిల్లాడు. పొద్దుట్నించీ గాలి ముదురుతోంది. అందరం పంచాయితీ మేడ మీదకి పోతున్నాం. అది ఆగిపోయింది. 'అమ్మా, పుస్తకం బళ్ళో మర్చిపోయాను, తడిసిపోతే సార్ కొడతాడు. మామయ్య పాఠం ఇంకా అవలేదు. ఇప్పుడే వచ్చేస్తా,' అంది. ఒక చంకలో వీడు. ఇంకో చేతిలో నడవలేని మా అత్త. అరిచాను. గాలికి నా గొంతు నాకే వినపడలేదు." సెబతీ ముక్కు చీదింది. "ఆ బడి బోరింగు ఒక్కటీ ఇప్పటికీ నీళ్ళలో నిలబడి ఉంటుందట. పడవల వాళ్ళు చూస్తుంటారట."

ఝరణా గంట సంగతి చెప్పింది. చెబుతుంటే సెబతీ మొహం ఎలా అయిపోయిందంటే, చెప్పకుండా ఉండాల్సింది అనుకుంది.

"అయితే దానికి తెలీదా?" అంది సెబతీ. "ఇన్నేళ్ళూ నా బిడ్డ బళ్ళోనే కూర్చుని ఉందా? దానికి ఎవరూ చెప్పలేదా?"

"మీరు చెప్పాలి మావుసీ."

"నేనా! నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు తల్లీ."

"నేనెవరో తనకి తెలీదు. మీ గొంతైతే గుర్తుపడుతుంది."

సెబతీ వెంటనే ఒప్పుకోలేదు. ఒట్టు అడ్డొచ్చింది. చివరికి సరేనంది. సంగతి కాలనీలో పాకిపోయి బిమళా అనే ఆమె వంటగది గుమ్మంలోకి వచ్చి పోట్లాటకి దిగింది. ఆ తుఫానులో బిమళా కొడుకూ పోయాడు. "నీకేమైనా మతి పోయిందా సెబతీ? పిల్లల ముందు దాని పేరెత్తుతావా? ఎత్తితే వస్తుందని తెలీదా? ఉన్న పిల్లల్ని కూడా పోగొట్టుకోవాలా?"

"రావలసింది వచ్చేసింది బిమళా," అంది సెబతీ. "బళ్ళో చాప మీద కూర్చుని ఉంది."

బిమళా గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఝరణా చార్టు మీద పెద్ద పెద్ద అక్షరాలతో పాఠం రాసింది. చిన్న పిల్లలు చదవగలిగే మాటలే ఏరుకుంది. 'మన ఊరు కియాపాళ. ఊరికి తూర్పున సముద్రం ఉండేది. ఒకరోజు పెద్ద గాలి వచ్చింది. సముద్రం ఊళ్ళోకి వచ్చింది. కొందరు మిగిలారు. కొందరు మిగల్లేదు. మిగిలినవాళ్ళు ఇక్కడికి వచ్చారు.' ఇంకో మాట కలపాలని చూసింది, చేతకాలేదు.

ఆ రోజు మబ్బు పట్టి పట్టపగలే గదిలో మసక కమ్మింది. కిటికీల బయట ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కుని నిలబడ్డారు. లోపలికి ఎవరూ రాలేదు. నిరంజన్ బాబు గుమ్మంలో నిలబడ్డాడు. సెబతీ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, టుకునీ పక్కనున్న తడి చోటుకి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఈ పాఠం చదవడానికి ముందు," అంది ఝరణా, "జేజిమా తనకి తెలిసింది చెబుతుంది."

సెబతీ గొంతు సవరించుకుంది. "సముద్రం," అంది. కిటికీ బయట ఎవరో కొంగుతో చెవులు మూసుకున్నారు. "మా ఇంటి వెనకే ఉండేది. మధ్యలో మొగలి పొదలు ఉండేవి. పువ్వు విచ్చితే ఊరంతా వాసనే. రాత్రి పడుకుంటే దాని హోరు చెవిలో ఉండేది. హోరు లేకపోతే నిద్రపట్టేది కాదు. ఇక్కడికొచ్చాక ఎన్నో ఏళ్ళు నాకు నిద్ర లేదు." తర్వాత గాలి సంగతి చెప్పింది. పంచాయితీ మేడ మీంచి ఏం చూసిందో చెప్పింది. చెప్పి చెప్పి ఆమె ఖాళీ చోటుకేసి తిరిగింది.

"జెమా, అమ్మనే. గుర్తుపట్టావా? మనూరు లేదే తల్లీ. ఇల్లు లేదు, బడీ లేదు. నువ్వు చంకనేసుకుని తిప్పిన బేణు పెద్దాడయ్యాడు. కేరళలో ప్లంబరు పని చేస్తున్నాడు. ఈ టుకునీ వాడి కూతురే. నీకు మేనకోడలు." "నీకు గంట వినపడలేదు కదూ? గంట కొట్టే మనిషి కూడా నీతోనే పోయాడే అమ్మా. ఇంకెవరు కొడతారు?"

టుకునీ తల పక్కకి వంచి వింది. "నీ జుట్టెందుకు తెల్లబడిందని అడుగుతోంది జేజిమా."

"చాలా రోజులైంది తల్లీ. నీకు తెలీలేదు గానీ, చాలా రోజులైంది."

ఝరణా చార్టు విప్పింది. పిల్లలు చదివారు. ఇదివరకటిలా గడగడా కాదు. ఒక్కో మాటా పట్టుకుని, దాని బరువు చూసుకున్నట్టు చదివారు. టుకునీ లేచి వెళ్ళి చార్టు మీద వేలు పెట్టి, పక్కనున్న ఎవరికోసమో ఒక మాట వెనకగా కదుపుతూ వచ్చింది. 'కొందరు మిగల్లేదు' దగ్గర ఆ వేలు ఆగిపోయింది. ఆ తర్వాత వేలు మెల్లిగా ముందుకు కదిలి చివరి మాట దాకా వెళ్ళింది.

"చదివింది," అంది టుకునీ. "అర్థమైందట."

చాప కిందనుంచి నీళ్ళు వచ్చాయి. ఎక్కడా ఊటలేని ఆ సిమెంటు నేల మీద పల్చగా పాకి, పిల్లల పాదాల్ని తడిపి, గోడ దాకా వెళ్ళాయి. బురద వాసన, దాని మీద మొగలిపువ్వు వాసన. ఒక్క పిల్లా అరవలేదు. నిరంజన్ బాబు తడిసిన చెప్పులతో వెనక్కి తిరిగి, వరండాలోకి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే ఇనపకడ్డీ అందుకుని ఇంటిగంట కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. ఆ గంట మోగినంతసేపూ నీళ్ళు గడప దాటి బయటికి పోతూ ఉన్నాయి. సెబతీ నేల మీద అలాగే కూర్చుని, దాటిపోయే నీళ్ళ మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

మర్నాడు ఎండ కాసింది. ఝరణా బస్సు ఆలస్యమై, బడి మొదలయ్యాక వచ్చింది. వరండాలో సెబతీ బియ్యం ఏరుతోంది. రాత్రి హోరు లేకుండానే నిద్రపట్టిందని చెప్పింది. ఝరణాకి మనసు తేలికపడింది. ఆ తేలికతోనే తరగతిలోకి అడుగుపెట్టింది.

పిల్లలు ఎప్పటిలా ఒకరినొకరు ఆనుకుని కూర్చోలేదు. ప్రతి ఇద్దరి మధ్యా చోటు వదిలారు. చోటు చాలక బాబులీ గోడకి అతుక్కుపోయి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఉన్నాడు. టుకునీ పక్కన మాత్రం చాప పొడిగా ఉంది. మిగతా అన్నిచోట్లా తడి.

"ఏమిటర్రా ఇది?" అంది ఝరణా.

"జెమా ఇంటికెళుతూ వీళ్ళకి చెప్పిందట దీదీ," అంది గుడ్లీ. "ఇక్కడ దీదీ బాగా అర్థమయ్యేలా చెబుతుందని."

"ఎవరికి?"

"తన క్లాసు వాళ్ళకి," అంది టుకునీ. "వాళ్ళకింకా తెలీదు."

ఝరణా దిగిన బస్సు ఇంకా రోడ్డు మీదే ఆగి ఉంది, దాని ఇంజను చప్పుడు వినపడుతోంది. పరిగెత్తితే అందుకోవచ్చు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. బస్సు కదిలి వెళ్ళిపోయేదాకా నిలబడి, తర్వాత చుట్టి పెట్టిన చార్టు కోసం బీరువా తెరిచింది.

వెనక గుమ్మం దగ్గర అలికిడైంది. బిమళా. పొలం నుంచి నేరుగా వచ్చినట్టు కాళ్ళకి మన్ను ఉంది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గడప మీద కాసేపు తటపటాయించింది. తర్వాత గుడ్లీ దగ్గరికి వచ్చి వంగింది.

"మావాడు వచ్చాడా?" అని అడిగింది. "ఎడమ కన్ను కొంచెం మెల్ల ఉంటుంది."

గుడ్లీ వరసలన్నీ కలియజూసి, తలుపు మూల దగ్గరున్న చోటు చూపించింది. బిమళా వెళ్ళి, ఆ తడి పక్కన, దానికి బాగా దగ్గరగా జరిగి కూర్చుంది.